విడాకుల టైంలో హోమ్ లోన్: పాత ఇల్లు ఉంచుకోవాలా, అమ్మేసి వేరేది కొనుక్కోవాలా? ఏది మేలు?

ఈ మధ్య అనంతపురంలో నా దగ్గరికి వచ్చే లోన్ ఫైళ్లలో ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. కేసు ఫ్యామిలీ కోర్టులో ఉంటుంది, ఇల్లు ఇద్దరి పేరు మీద ఉంటుంది, లోన్ కూడా జాయింటే. "అన్నా, నా జీతానికి ఇప్పుడు ఎంత లోన్ వస్తుంది?" అంటారు. జీతం సంగతి తర్వాత, ముందు పాత లోన్‌లో నీ పేరు ఉందా లేదా చెప్పప్పా అంటాను నేను.

ఎందుకంటే బ్యాంకుకు మీ గొడవతో పనిలేదు. మీరు విడిగా ఉన్నా, కోర్టు "ఇకపై ఈఎంఐ భర్తే కట్టాలి" అని డిక్రీలో రాసినా, అది మీ ఇద్దరి మధ్య మాటే గానీ బ్యాంకును కట్టేయదు. లోన్‌కు సంతకం పెట్టిన ఇద్దరూ మొత్తానికి బాధ్యులే, ఇద్దరి సిబిల్‌లోనూ ఆ లోన్ పూర్తిగా కనపడుతుంది, అవతలివాళ్లు ఒక నెల ఎగ్గొడితే మన స్కోరూ పడిపోతుంది.

లెక్క చూడండి. చేతికి 60 వేలు వచ్చే మనిషి అనుకుందాం. చాలా బ్యాంకులు అన్ని ఈఎంఐలూ కలిపి జీతంలో సగం దాటకూడదంటాయి (ఎక్కువ జీతమైతే కొంచెం సడలిస్తాయి), అంటే 30 వేలు. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లకు లక్షకు ఈఎంఐ సుమారు 868, కాబట్టి దాదాపు 34 లక్షల 50 వేలు వస్తుంది. ఇప్పుడు పాత జాయింట్ లోన్ ఈఎంఐ 27 వేలు నడుస్తోందనుకోండి, మిగిలింది 3 వేలు, దానికి లోన్ మూడున్నర లక్షలు. సాయినగర్‌లో ఇల్లు కాదు కదా, దాని ముందు షెడ్డు కూడా లేవదు.

పాత లోన్ లేకపోయినా, నెలకు 10 వేలు మెయింటెనెన్స్ (భరణం) కట్టాల్సి వస్తే 34 లక్షల 50 వేలు కాస్తా 23 లక్షలకు దిగుతుంది. ఇంకోటి, కొత్త ఈఎంఐ చూపించి మెయింటెనెన్స్ తగ్గించుకుందామని కొందరి ప్లాన్. మనంతట మనం నెత్తిన పెట్టుకున్న లోన్‌ను కోర్టులు మామూలుగా పట్టించుకోవు. పైగా 2020లో రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి ఇద్దరూ ఆస్తులు అప్పుల అఫిడవిట్ వేయాలి, కేసు మధ్యలో కొన్న ఇల్లు కూడా అందులోకి వచ్చేస్తుంది.

ఇప్పుడు అసలు పోలిక. ఇల్లు విలువ 50 లక్షలు, లోన్ 28 మిగిలింది, అంటే మిగులు 22, ఒక్కొక్కరికి 11.

ఇల్లు నేనే ఉంచుకుంటా అంటే అవతలివాళ్ల చేత రిలీజ్ డీడ్ (వాటా వదులుకునే పత్రం) రిజిస్టర్ చేయించుకోవాలి, వాళ్ల 11 ఇవ్వాలి, పాత లోన్ మోయాలి, మొత్తం 39 లక్షలు. ఈఎంఐ దాదాపు 33,850. మన మనిషి పరిమితి 30 వేలే, కాబట్టి ఇంటి విలువ చాలినా జీతం చాలదు. బ్యాంకు కూడా ఒక పేరు ఊరికే కొట్టేయదు, మిగిలినవాళ్ల జీతం ఒక్కటే పెట్టి మళ్లీ మొదటి నుంచి చూస్తుంది, చాలకపోతే ఇంకో కో-అప్లికెంట్‌ను తెమ్మంటుంది. కానీ మెయింటెనెన్స్ కట్టే బదులు అవతలివాళ్లు తమ వాటా వదులుకుంటామని ఒప్పందం కుదిరిందా, అప్పుడు మిగిలిన 28 లక్షలను మళ్లీ 20 ఏళ్లకు పెట్టుకుంటే నెలకు 24,300 కడితే చాలు, ఈ దారే బాగుంటుంది. పిల్లల స్కూలు అక్కడే ఉంటే ఇంకా మాట్లాడేదేముంది.

అమ్మేస్తే, లోన్ క్లోజ్ అయ్యి ఇద్దరి చేతికీ 11 చొప్పున వస్తుంది. ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) లోన్‌కు ముందే కట్టేస్తే పెనాల్టీ లేదు. ఆ 11తో 40 లక్షల ఇల్లు చూసుకోవచ్చు: 30 దాటి 75 లోపు లోన్‌కు ఆర్‌బీఐ రూల్ ప్రకారం ఇంటి విలువలో 80 శాతం వరకే ఇస్తారు కాబట్టి లోన్ 32, చేతి నుంచి 8, రిజిస్ట్రేషన్ ఏడున్నర శాతం చొప్పున 3. లెక్క సరిపోయింది, ఈఎంఐ 27,800లోపే. లాభం మీద ట్యాక్స్ భయం ఉంటే, రెండేళ్లు దాటి ఉంచుకున్న ఇల్లైతే అమ్మిన రెండేళ్లలోపు ఇంకోటి కొంటే మినహాయింపు ఉంది, ఆడిటర్‌ను అడగండి.

నా ఓటు ఎక్కువసార్లు అమ్మడానికే. ఇంటి మీద ప్రేమ ఉంటుంది, కాదనను, కానీ ఇద్దరి జీతం మీద తీసుకున్న ఇంటిని ఒక్క జీతం మీద మోస్తే నెలాఖరుకు చేబదులు తప్పదు.

ఆడవాళ్లకు ఒక మాట చెప్పాలక్కా. నెలనెలా వచ్చే మెయింటెనెన్స్‌ను చాలా బ్యాంకులు ఆదాయంగా లెక్కవేయవు, ఒకేసారి తీసుకున్న మొత్తమైతే నేరుగా మార్జిన్ మనీ (ఇంటికి మన చేతి నుంచి పెట్టే సొమ్ము) అవుతుంది. అవతలివాళ్లకూ నెలనెలా కట్టే భారం ఉండదు, వాళ్ల ఎలిజిబిలిటీ మిగులుతుంది. బేరం మాట్లాడేటప్పుడు ఇది లాయర్‌కు చెప్పండి.

మిగతా దారులు క్లుప్తంగా. నాన్నను కో-అప్లికెంట్‌గా పెట్టి కేసు నడుస్తుండగానే కొనడం: ఆయన వయసు బట్టి గడువు కుదించే చాన్స్ ఉంటుంది, ఈఎంఐ పెరుగుతుంది, నాకు నచ్చదు. మార్జిన్‌కు గోల్డ్ లోన్ పెట్టడం: అది కూడా బ్యాంకు లెక్కలో అప్పే, ఎలిజిబిలిటీ తింటుంది. ఏడాదిపాటు అద్దెకు ఉండటం: చెడ్డదేం కాదు.

మ్యూచువల్ (ఇద్దరి ఒప్పుదలతో విడాకులు) అయితే మొదటి పిటిషన్‌కూ రెండో మోషన్‌కూ (ఇద్దరూ మళ్లీ కోర్టుకు వచ్చి విడాకులు కావాలని చెప్పేది) మధ్య ఆరు నెలలుంటుంది, 2017 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కోర్టు అనుకుంటే అది మాఫీ కూడా చేయొచ్చు. ఒప్పంద పత్రంలో "రెండో మోషన్ లోపు పాత లోన్ క్లోజ్ చేయాలి, లేదా పేరు తీయించాలి" అనే లైన్ తేదీతో సహా రాయించండి. క్లోజర్ లెటర్ తీసుకోండి, ఒరిజినల్ కాగితాలు 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలని ఆర్‌బీఐ రూల్ ఉంది, అడిగి తెచ్చుకోండి. సిబిల్‌లో ఆ లోన్ క్లోజ్‌డ్ అని పడ్డాకే కొత్త అప్లికేషన్ పెట్టండి, అంతకుముందు పెడితే ఆ 27 వేలు ఇంకా మీ నెత్తి మీదే కనపడతాయి.