వెన్ను వంకర "గ్యారంటీ" ప్యాకేజీలు: డబ్బు కట్టే ముందు ఎక్స్‌రే ఎలా తీశారో అడగండి

హనుమకొండ, కాజీపేట వైపు "ఆపరేషన్ లేకుండా వెన్నెముక సరిచేస్తాం" అనే బోర్డు చూసి ప్యాకేజీ కట్టబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి సెంటర్ పేరు రాయడం లేదు. రేపు పేరు మార్చి ఇంకో గల్లీలో తెరిచినా వాళ్ల పద్ధతి ఇదే ఉంటుంది, అందుకే పద్ధతి చెబుతున్నా.

మా అక్క వాళ్లది నర్సంపేట. కూతురికి పదమూడేళ్లు. జడ వేస్తుంటే ఒక భుజం ఎత్తుగా కనిపించి అక్క ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన నిలబెట్టి ఎక్స్‌రే తీయించి, స్కోలియోసిస్ (వెన్నెముక పక్కకి వంగడం), వంపు 26 డిగ్రీలు, ఇంకా ఎదిగే వయసే కాబట్టి బ్రేస్ (ఒంటికి బిగించే గట్టి ప్లాస్టిక్ తొడుగు) వేయాలి అన్నారు. ఇంతలో బావ ఫోన్‌లో ఈ సెంటర్ యాడ్ కనిపించింది. అక్కడ కూర్చున్నాయన చెప్పిన మాట: "బ్రేస్ వేస్తే కండరాలు చచ్చుబడతాయన్నా. రేపు పెళ్లి సంబంధాలప్పుడు ఇబ్బంది. మా టేబుల్ మీద సిట్టింగులు చేస్తే నిటారుగా వచ్చేస్తది." ఆడపిల్ల తండ్రి దగ్గర పెళ్లి మాట తీశాక ఇంకేముంది, 48 వేలు ముందే కట్టించుకున్నారు. ఒక పోశ్చర్ బెల్టు కూడా అంటగట్టారు, దానికి డబ్బు వేరే.

కొన్ని నెలలయ్యాక వాళ్లే మళ్లీ ఎక్స్‌రే తీసి "22కి దిగింది, చూడండి" అని రెండు ఫిల్ములు పక్కపక్కన పెట్టి చూపించారు. చూసినవాళ్లెవరైనా నమ్ముతారు, వంపు నిజంగానే తగ్గినట్టు కనిపిస్తుంది. నేను ఆ ఫిల్ములు కిటికీ వెలుగులో పట్టి చూశాను. డాక్టర్ తీయించినదాని మూలన "ఎరెక్ట్" అని ఉంది, అంటే నిలబెట్టి తీసింది. సెంటర్ ఫిల్ము మీద ఆ మాటే లేదు. బిడ్డను అడిగితే "ఈసారి బల్ల మీద పండుకోబెట్టి తీసిండ్రు మామా" అంది.

మొత్తం మాయ అక్కడే ఉంది. పడుకుంటే ఒంటి బరువు వెన్ను మీద పడదు, కాబట్టి ఏ వైద్యం చేయకపోయినా వంపు తక్కువగా కనిపిస్తుంది. నిలబడి తీసినదాన్ని నిలబడి తీసినదానితోనే పోల్చాలి. అప్పుడు కూడా కొలిచే మనిషిని బట్టి ఐదు డిగ్రీల దాకా తేడా వస్తుంది కాబట్టి రెండు మూడు డిగ్రీలు "తగ్గాయి" అంటే దానికి అర్థం లేదు. పాత డాక్టర్ దగ్గర మళ్లీ నిలబెట్టి తీయిస్తే 33 వచ్చింది.

48 వేలు పోతే పోయాయి, ఆ నెలలు మాత్రం మళ్లీ రావు. బ్రేస్ పనిచేసేది ఎముకలు ఎదుగుతున్నంత కాలమే. ఎదిగే పిల్లల్లో వంపు సుమారు 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే బ్రేస్, 45-50 దాటితే ఆపరేషన్ మాట వస్తుంది. బ్రేస్ ఉన్న వంపును మాయం చేయదు, పెరగకుండా ఆపుతుంది. 2013లో అమెరికా, కెనడా ఆసుపత్రుల్లో చేసిన పెద్ద అధ్యయనంలో బ్రేస్ వేసుకున్న పిల్లల్లో 72 శాతం మందికి వంపు 50 డిగ్రీలకు చేరలేదు, వేసుకోనివాళ్లలో అది 48 శాతమే. రోజుకు 13 గంటలకు పైగా వేసుకున్నవాళ్లలో ఫలితం 90 శాతం దాటింది. మన ఎండల్లో కష్టమే, కాదనను. పైగా అది ఒంటి కొలతతో చేయించే గట్టి ప్లాస్టిక్ బ్రేస్. మెడికల్ షాపులో దొరికే సాగే బెల్టు వంపును ఆపదు.

ఫిజియోథెరపీ దండగ అనడం లేదు. నేర్చుకున్న ఫిజియోథెరపిస్టు స్కోలియోసిస్ వ్యాయామాలు చేయిస్తే బ్రేస్‌తో పాటు మంచిదే. అలాంటివాళ్లు గ్యారంటీ అనరు.

అదే సెంటర్లో అక్క వాళ్ల అత్తమ్మకు కూడా నడుము నొప్పి ప్యాకేజీ అమ్మబోయారు. ఎంఆర్ఐ చూసి "గ్యాప్ వచ్చింది, డిస్క్ ఉబ్బింది, లాగకపోతే కాళ్లు పడిపోతాయి" అని టెన్షన్ పెట్టారు. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు ఎంఆర్ఐ తీసినా సుమారు 30 శాతం మందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం. ఆ లాగే ట్రాక్షన్‌ను, నడుము బెల్టునూ దీర్ఘకాలపు నడుము నొప్పికి మామూలుగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. కొత్తగా పట్టేసిన నడుము చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది, మంచం పట్టకుండా నడుస్తూ ఉండాలి. మూత్రం మీద అదుపు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరి వచ్చినా, కాలు బలం తగ్గినా సెంటర్లు కాదు, ఆ రోజే ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి పోవాలి. జ్వరం, బరువు తగ్గడంతో నొప్పి ఉంటే వెన్నెముక టీబీ కూడా కావచ్చు, డాక్టర్‌కు చూపించండి.

బిల్లు కూడా చూడండి. మాకు ఇచ్చినదాని మీద "వెల్‌నెస్ సర్వీసెస్" అని మాత్రమే ఉంది, వైద్యుడి పేరు లేదు, రిజిస్ట్రేషన్ నంబర్ లేదు. డబ్బు వెనక్కి అడిగితే "వైద్యం కాదు సార్, వెల్‌నెస్" అన్నారు. బిల్లు, యాడ్ స్క్రీన్‌షాట్, రెండు ఫిల్ములు జతచేసి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాం, డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులోనూ ఇచ్చాం. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. ఐదు లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి.

ఇప్పుడు వీళ్లు స్కూళ్లలో "ఉచిత వెన్నెముక క్యాంపు" పెడుతున్నారని విన్నాను. పిల్లల చేతికి చీటీ ఇచ్చి పంపితే నేరుగా సెంటర్‌కు పోకండి. ముందు ఆర్థోపెడిక్ ఓపీలో చూపించి నిలబెట్టి తీసిన ఎక్స్‌రే తీసుకోండి, ఫిల్ము మీ దగ్గరే ఉంచుకోండి.