బాల్కనీ కుండీలకు ఏది మేలు: డ్రిప్పా, మట్టి ముంతా, వత్తా?

పడమటి ఎండ తగిలే బాల్కనీలో ఏప్రిల్, మే నెలల్లో టమాటా పెంచినవారికి తెలుసు: ఉదయం తడిపిన కుండీ సాయంత్రానికి పొడిబారుతుంది. 12 అంగుళాల కుండీలో కాపు మీదున్న టమాటాకో వంగకో ఆ ఎండలో రోజుకు లీటరు దాకా నీళ్లు కావాలి. అలాంటి కుండీలు 12 ఉంటే రోజుకు 12 లీటర్లు. పది రోజులు ఊరికి వెళితే 120. ఏ పరికరం కొనాలన్నా ముందు ఈ లెక్క వేసుకోండి. నీళ్లు ఎలా చేరతాయన్నది తరువాతి సంగతి, అన్ని నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయన్నదే అసలు ప్రశ్న.

బాల్కనీలో కుళాయి ఉంటే నా ఓటు టైమరు పెట్టిన డ్రిప్పుకే, అంటే సన్నని గొట్టాల ద్వారా చుక్కలు చుక్కలుగా నీళ్లు వదిలే ఏర్పాటుకే. గంటకు 2 లీటర్లు వదిలే డ్రిప్పరును (గొట్టం చివర చుక్కలు వదిలే చిన్న మూతిని) ఉదయం పావుగంట, సాయంత్రం పావుగంట నడిపితే కుండీకి లీటరు అందుతుంది. తులసిని, కలబందను మాత్రం ఆ వరుసలో కలపవద్దు. టమాటాకు సరిపోయే తడి వాటి వేళ్లను కుళ్లబెడుతుంది. బోరు నీళ్లయితే డ్రిప్పర్ల మూతుల దగ్గర తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. అప్పుడప్పుడు విప్పి వెనిగరులో నానబెట్టాలి.

కుళాయి లేకపోతే డ్రమ్ము పెట్టి, దాని నుంచి డ్రిప్పు లాగవచ్చని చాలామంది అనుకుంటారు. లాగవచ్చు, కానీ మీటరు ఎత్తు బల్ల మీద పెట్టిన డ్రమ్ము నుంచి వచ్చే ఒత్తిడికి మామూలు డ్రిప్పరు తన లెక్కలో మూడో వంతు నీళ్లే వదులుతుంది. కాబట్టి సమయం మూడింతలు పెంచాలి. టైమరు కూడా ఒత్తిడి లేకుండా తెరుచుకునే రకమై ఉండాలి. పైగా 100 లీటర్ల డ్రమ్ము అంటే 100 కిలోల బరువు. దాన్ని గోడవైపు ఉంచాలి తప్ప రెయిలింగు పక్కన కాదు.

రోజువారీ పెంపకానికి నాకు మనసుకు నచ్చింది మట్టి ముంత. మెరుగు పూత, రంగు లేని ముంతను మెడ దాకా మట్టిలో పాతి, నీళ్లు నింపి, మూత పెడతాం. మూత తప్పనిసరి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. చుట్టూ మట్టి ఆరినప్పుడు ముంత గోడల గుండా నీరు ఊరుతుంది, తడిగా ఉంటే ఆగిపోతుంది. కరెంటు, బ్యాటరీ ఏవీ అక్కరలేదు; మొక్క అవసరమే దానికి టైమరు. అయితే లీటరు ముంత ఆకుకూరలకు రెండు మూడు రోజులు వస్తుంది గానీ, మే నెల టమాటాకు ఒక్క రోజే. వేళ్లకు చోటు కూడా కొంత తగ్గుతుంది. పుదీనా, కొత్తిమీర, మెంతికూర పెంచే వెడల్పాటి తొట్లకు ఇంతకంటే మంచిది నేను చూడలేదు.

వత్తి పద్ధతి చిన్న కుండీలకు సరిపోతుంది. ఒక కొస మూత ఉన్న బకెట్టు నీళ్లలో, మరో కొస కుండీ మట్టిలో ఉండేలా నైలాను తాడు వత్తిగా వేయండి, నూలు తాడు త్వరగా కుళ్లిపోతుంది. కొబ్బరి పొట్టు కలిపిన మట్టి అయితేనే తడి బాగా పాకుతుంది. తలకిందులుగా గుచ్చే ప్లాస్టిక్ సీసాను మాత్రం నమ్మను: ఒక కుండీలో గంటలో ఖాళీ అవుతుంది, మరోదానిలో మూతి పూడుకుపోయి చుక్క కూడా దిగదు.

ఏది ఎంచుకున్నా, ప్రయాణానికి ముందు మీరు ఇంట్లో ఉండగానే మూడు రోజులు చేత్తో నీళ్లు పోయకుండా నడిపి చూడండి. రోజూ సాయంత్రం మట్టిలో రెండు అంగుళాల లోతుకు వేలు పెట్టి, ఏ కుండీకి తడి చాలడం లేదో ఒక కాగితం మీద రాసుకోండి.