ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోలా, గ్రూపుకి మోడిఫైనా?

పలాసలో ఒక జీడిపప్పు కొట్టు. లెక్కల డేటా ఉండే ఒక విండోస్ సర్వర్, దానికి కలిపిన మూడు బిల్లింగ్ సిస్టమ్‌లు. ఒకదాంట్లో 'యాక్సెస్ డినైడ్' (అనుమతి లేదు) వచ్చిందంటే టెన్షన్‌లో చాలామంది డేటా ఫోల్డర్‌పై ఎవ్రీవన్‌కి, అంటే అందరికీ, ఫుల్ కంట్రోల్ (అన్ని హక్కులూ) ఇచ్చేస్తారు. బిల్లు వెంటనే వస్తుంది, నిజమే. కానీ పర్మిషన్లు మార్చే హక్కు కూడా అందరికీ వెళ్లిపోతుంది. బిల్లింగ్‌తో పనిలేని సిస్టమ్‌కి వైరస్ పట్టినా లెక్కలు పోవచ్చు.

నేనైతే సర్వర్‌లో బిల్లింగ్ వాళ్లకో గ్రూపు పెట్టి, మోడిఫై మాత్రమే ఇస్తాను. చదవడం, రాయడం, చెరపడం అందులోనే ఉన్నాయి.

ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు: షేర్ పర్మిషన్ (ఫోల్డర్‌ని నెట్‌వర్క్‌లో పంచేటప్పుడు ఇచ్చేది), ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్ (డిస్క్‌లో ఆ ఫోల్డర్‌పైనే ఇచ్చేది) వేరు వేరు. నెట్‌వర్క్‌లో వచ్చేవాళ్లకు రెండింట్లో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. షేర్‌లో 'రీడ్' (చదవడం) మాత్రమే ఉంటే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో మోడిఫై ఇచ్చినా బిల్లు సేవ్ అవ్వదు. గ్రూపులో చేర్చాక లాగాఫ్ చేసి మళ్లీ లాగిన్ అవ్వాలి.