వార్డు కమిటీనా, జిల్లా రోడ్డు భద్రతా కమిటీనా? రోడ్డు గోడు ఎక్కడ చెప్పుకుంటే మేలు?

హైదరాబాద్–విజయవాడ దారి మీద చౌటుప్పల్ లాంటి పట్టణాల్లో ఉండేవాళ్లకు ఈ టెన్షన్ కొత్త కాదు. ఇల్లు హైవేకి ఒక పక్క, పని ఇంకో పక్క. పిల్లలు ఇంటికి చేరేదాకా అమ్మకు మనసు నిలవదు. అక్కడ అండర్‌పాస్ కావాలి, కనీసం బ్లింకర్లన్నా పెట్టాలి. ఎవరిని అడగాలి?

మొదటిది వార్డు కమిటీ. తెలంగాణ 2019 పురపాలక చట్టం ప్రకారం ఒక్కో వార్డుకు నాలుగు కమిటీలు ఉంటాయి: యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖులకు. ఒక్కోదానిలో 15 మంది. అంటే ఒక వార్డు గురించి మాట్లాడటానికి 60 మంది. ఏ మూల లారీలు ఆగి ఎదురుగా వచ్చే బండి కనపడదో, బడి వదిలాక పిల్లలు డివైడర్ ఎక్కడ ఎక్కుతారో వీళ్లకు తెలిసినంతగా ఏ ఇంజినీరుకూ తెలియదు. కానీ హైవే మున్సిపాలిటీది కాదు. ఎంత మంచి తీర్మానం చేసినా అది జాతీయ రహదారుల సంస్థకు ఒక ఉత్తరంగానే వెళ్తుంది.

రెండోది జిల్లా రోడ్డు భద్రతా కమిటీ. మోటారు వాహనాల చట్టం 215వ సెక్షన్ కింద ఏర్పాటయ్యేది. చట్టం ప్రకారం, రోడ్డు భద్రత విషయంలో ప్రభుత్వం అప్పగించిన పనులే ఇది చేస్తుంది. అయినా దీని బలం వేరు. కలెక్టర్ ముందు పోలీసులు, రవాణా శాఖ, ఆర్ అండ్ బీ, జాతీయ రహదారుల అధికారులు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. "ఆ డివైడర్ గ్యాప్ ఎందుకు మూయలేదు?" అని అడిగితే జవాబు చెప్పాల్సిన మనిషి అక్కడే ఉంటాడు. పైగా 2019 సవరణతో వచ్చిన 198ఏ సెక్షన్ ప్రకారం, రోడ్డు డిజైన్‌లోనో నిర్వహణలోనో భద్రతా ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోతే, అంగవైకల్యం పాలైతే బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అందుకే మీటింగ్ మినిట్స్‌లోకి ఎక్కిన మాటకు విలువ ఉంది.

నన్ను బాధించేది మాత్రం బ్లాక్ స్పాట్ (ప్రమాదాలు ఎక్కువగా జరిగే చోటు) లెక్క. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల మేర, మూడేళ్లలో, మరణాలో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు 5 జరగాలి, లేదా 10 మంది చనిపోవాలి. అప్పుడే ఆ చోటు జాబితాకెక్కుతుంది. త్రుటిలో తప్పించుకున్న పిల్లాడి గురించి ఎఫ్ఐఆర్ ఉండదు కదా! ఆ పిల్లాడి సంగతి తెలిసేది వార్డులోనే.

హైదరాబాద్‌లో 2008 నుంచి ఉన్న హుమ్టా అనే రవాణా సంస్థ ఉన్నది బస్సు, మెట్రో, ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లను కలిపి చూడటానికి. ఒక్క క్రాసింగ్ కోసం అక్కడిదాకా పోనక్కర్లేదు.

లోపలి రోడ్లు, ఫుట్‌పాత్‌లు, వీధిదీపాలకు వార్డు కమిటీ చాలు. హైవే అయితే నా ఓటు జిల్లా కమిటీకే. కానీ ఉత్త చేతులతో పోవద్దు. ముందు వార్డు మహిళా కమిటీతో తీర్మానం చేయించండి, పిల్లల్ని రోజూ దాటించే బాధ ఎక్కువగా వాళ్లదే. దాన్ని మీటింగ్‌కు ముందే కలెక్టర్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. "ప్రమాదకరంగా ఉంది" అని రాసి ఊరుకోకండి. ఏ కిలోమీటరు రాయి దగ్గర, ఎన్ని గంటలకు, ఎంతమంది పిల్లలు దాటుతున్నారో వారం రోజులు లెక్కపెట్టి రాయండి.