థామస్ పాయింట్ లైట్‌హౌస్ యాత్ర: మోకాళ్లు బాగుంటే తప్పక వెళ్లండి

ముప్పయ్యారేళ్లు రోడ్లు, వంతెనల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. దేన్ని చూసినా ముందు కింది భాగం చూడటం నా అలవాటు. పెళ్లికి వెళ్లినా షామియానా గుంజలు సరిగ్గా పాతారా లేదా అని చూస్తానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. అమెరికాలోని మేరీలాండ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వచ్చినప్పుడు అల్లుడు ఈ యాత్రకు టికెట్లు తీశాడు. ఎన్ని ఊళ్లు తిప్పినా మామగారు వంతెనల గురించే మాట్లాడుతున్నారు, ఈసారి నీళ్లలోనే నిలబెట్టిన ఇల్లు చూపిద్దామని అతని ఉద్దేశం. మంచి ఆలోచనే చేశాడు.

పడవ అన్నాపొలిస్‌లోని మారిటైమ్ మ్యూజియం రేవు నుంచి బయలుదేరుతుంది. వేసవిలో కొన్ని రోజులే నడుపుతారు, ఒక విడతకు కొద్దిమందినే తీసుకువెళ్తారు. టికెట్లు ముందుగా తీసుకోకపోతే దొరకవు. గాలి ఎక్కువగా ఉంటే ప్రయాణం మానేస్తారు. చిన్నపిల్లలను ఎక్కనివ్వరు కాబట్టి మా చిన్న మనవడు అమ్మతో ఇంట్లో ఉండిపోయాడు. పదమూడేళ్ల మనవరాలు, అల్లుడు, నేను వెళ్లాం. మడమ కూడా కప్పే బూట్లు వేసుకోవాలని అల్లుడు ముందే చెప్పాడు. నేను వినకుండా చెప్పులతో వెళ్లాను. చివరకు కారు డిక్కీలో ఉన్న అతని బూట్లు వేసుకోవాల్సి వచ్చింది. అవి నాకు రెండు సైజులు పెద్దవి. నా యాత్ర మొత్తం ఆ బూట్లలోనే జరిగింది.

అరగంట ప్రయాణం. చెసాపీక్ అఖాతం మధ్యలో ఎర్ర కప్పుతో ఆరు పలకల తెల్లటి చెక్క ఇల్లు కనిపిస్తుంది. ఇనుప కాళ్ల మీద నిలబడి ఉంటుంది, నెత్తిన దీపపు గది. లైట్‌హౌస్ అంటే మనకు గుర్తొచ్చే నిలువు గోపురం కాదు ఇది. అందరూ ఇంటికి ఫొటోలు తీస్తుంటే నేను కాళ్లు చూస్తూ కూర్చున్నాను.

ఆ కాళ్లలోనే ఉంది అసలు సంగతి. అక్కడ అడుగున ఉన్నది మెత్తటి నేల, రాతి గోపురం కడితే దిగబడిపోతుంది. అందుకని ఇనుప కంబం కొసకు వెడల్పాటి మర (స్క్రూ) బిగించి, వడ్రంగి బరమాను చెక్కలోకి దింపినట్టు అడుగు నేలలోకి తిప్పుకుంటూ దింపారు. మనుషులు గానుగెద్దుల్లా చుట్టూ తిరిగి తిప్పడం ఈ పద్ధతిలో మొదటి నుంచీ ఉన్న ఏర్పాటు. 1833లో దీనికి పేటెంటు తీసుకున్న అలెగ్జాండర్ మిచెల్ ఐర్లండ్ ఇంజనీరు, కళ్లు కనిపించని మనిషి. ఈ ఇల్లు 1875లో వెలిగింది. మరో రెండేళ్లకే, 1877లో, మంచు పలకలు కొట్టుకువచ్చి కాళ్లను కుదిపేస్తే పైనున్న కటకం పడి పగిలిపోయింది. ఇప్పుడు చుట్టూ పోసిన బండరాళ్లు ఆ దెబ్బల కోసమే. పైల్ ఫౌండేషన్, అంటే ఇలా కంబాలు దింపిన పునాది, ఎంత బాగా వేసినా పక్కనుంచి వచ్చే తోపుడును తక్కువ అంచనా వేయకూడదు. ఈ మాట నేను సర్వీసులో కుర్ర ఇంజనీర్లకు చెప్పి చెప్పి అలిసిపోయాను.

పడవ దిగాక నిటారు నిచ్చెన ఎక్కి, అరుగు పలకల్లో ఉన్న తలుపు రంధ్రం గుండా పైకి రావాలి. పెద్ద బూట్లతో మెట్టు మెట్టుకూ మడమ జారుతుంటే కింద నుంచి మనవరాలు "తాతయ్యా, కుడికాలు!" అంటూ నడిపించింది. పైనుంచి ఒక పెద్దాయన చెయ్యి అందించాడు. నాకన్నా నాలుగేళ్లు పెద్దవాడట. ఆ అరచేతికి ఎండిన తెల్ల రంగు అంటుకుని ఉంది.

ఇక్కడ మనల్ని తిప్పి చూపించేది జీతగాళ్లు కారు, స్వచ్ఛంద సేవకులు. కాపలాదారుల వంటగది, పడక గదులు, పైకి పోయే సన్నటి మెట్లు, అన్నీ వాళ్లే బాగుచేసి పాత రోజుల్లో ఉన్నట్టు సర్దారు. 1970ల మొదట్లో దీన్ని పీకేయాలన్న ఆలోచన వచ్చినప్పుడు జనం అడ్డుపడ్డారు. 1986లో దీపం ఆటోమేటిక్ అయ్యాక కాపలాదారులు వెళ్లిపోయారు. 2004లో ఇల్లు అన్నాపొలిస్ నగరం చేతికి వచ్చింది. దీపం సంగతి మాత్రం ఇప్పటికీ కోస్ట్ గార్డే చూసుకుంటుంది. చుట్టూ ఉన్న ఇల్లంతా ఈ సేవకుల మీద పడింది.

గంటసేపు చూడనిస్తారు. అందులో ఇరవై నిమిషాలు నేను ఒక్క కిటికీ దగ్గరే ఉండిపోయాను. చెయ్యి అందించిన ఆ పెద్దాయనే అక్కడ చట్రం బాగుచేసే పని మొదలుపెట్టి ఉన్నాడు. చట్రం కింది మూలలో రంగు పొక్కులు లేచింది. పొక్కు ఉన్నంత మేరే గీకి వదిలేయలేదు, గట్టిగా ఉన్న రంగు దొరికేదాకా అరచెయ్యి వెడల్పున గీకాడు. పాత రంగు అంచును గరుకు కాగితంతో పల్చగా రుద్ది, వేలితో తడిమి, మళ్లీ రుద్దాడు. తుప్పు మీదే రంగు కొట్టి బిల్లు పెట్టే కాంట్రాక్టర్లతో వేగిన నాకు అది చూస్తుంటే కడుపు నిండింది. ఎవరూ కొలతలు తీసుకోని చోట, కూలి లేని పనికి, అంత ఓపిక! ఎన్నాళ్లు ఆగుతుందని అడిగాను. "ఉప్పుగాలి దయ" అని నవ్వాడు. రంగు డబ్బా దగ్గర నుంచి చెక్క దాకా ప్రతిదీ పడవలో తెచ్చి, మీరెక్కిన నిచ్చెన దారిలోనే పైకి చేర్చాలి అన్నాడు.

అప్పుడు నేను మా సాక్రమెంటో గురించి చెప్పాను. 1867 జూన్‌లో అమెరికా నౌకాదళపు ఓడ సాక్రమెంటో మన గోదావరి ముఖద్వారం దగ్గర మేట వేసిన చోట చిక్కుకుని విరిగిపోయింది. మనుషులందరూ బయటపడ్డారు. మేటకు ఆ ఓడ పేరే మిగిలింది, కోనసీమ ఒడ్డున లైట్‌హౌస్‌కూ అదే పేరు. ఆయన గీకుడు ఆపేసి, చెవి మీది పెన్సిలు తీసి, మాస్కింగ్ టేపు ముక్క మీద గోదావరి అక్షరాలు ఒక్కొక్కటే నాతో చెప్పించుకుని రాశాడు. ఆ ముక్కను తన పనిముట్ల పెట్టె మూత లోపల అంటించుకున్నాడు.

టికెట్ ధర మన రూపాయల్లో లెక్కేస్తే గుండె కాస్త బరువెక్కుతుంది, నేను లెక్కేశాను కూడా. ఆ కిటికీ చూశాక ఇక లెక్కేయలేదు. కేవలం నీళ్లూ ఆకాశమూ చూడాలనుకునేవాళ్లకు మామూలు పడవ షికారు చాలు. మంచినీళ్లు మీరే తీసుకెళ్లండి, రేవులో ఉండగానే మిగతా అవసరాలు తీర్చుకోండి.

మోకాళ్ల నొప్పి వల్ల మా ఆవిడ ఒడ్డునే ఉండిపోయింది. ఆ మ్యూజియం ఒకప్పుడు ఆయిస్టర్లు (ఆల్చిప్పలు) వలిచి డబ్బాల్లో నింపిన కార్ఖానా. ఆమెకు విసుగు పుట్టలేదు గానీ, తాను చూడని దాని గురించి కారులో దారంతా నేను చెప్పడం మాత్రం నచ్చలేదు. సాలమన్స్ అనే ఊళ్లో ఇలాంటి కాళ్ల ఇల్లే ఇంకొకటి ఉంది. 1883 నాటి డ్రమ్ పాయింట్ లైట్‌హౌస్‌ను 1975లో అక్కడి మ్యూజియం పక్కకు తరలించారు. వచ్చే ఆదివారం మా ఆవిడను తీసుకుని అక్కడికి వెళ్తున్నాం. ఈసారి నా బూట్లు నేనే తెచ్చుకుంటాను.