టమాటా విత్తనాల ప్యాకెట్: మొలకల లెక్కకు ద్విపద విభాజనం నప్పుతుందా?

మిద్దెతోట కోసం 10 గ్రాముల టమాటా విత్తనాల ప్యాకెట్ కొన్నాను. లేబుల్ మీద లాటు నంబరు, పరీక్ష తేదీ, కనీస మొలక శాతం 70 అని స్పష్టంగా ఉన్నాయి. మన దేశంలో ధ్రువీకృత టమాటా విత్తనానికి నిర్దేశించిన కనీస ప్రమాణం కూడా అదే.

98 గుంటల ప్రోట్రేలో (నారు పెంచే ట్రే) కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నింపి, గుంటకు ఒక్కో గింజ చొప్పున వేసి, 14వ రోజున లెక్కపెడితే 71 మొలిచాయి. దీన్ని 70 శాతంతో పోల్చే ముందు, మొలకల సంఖ్య అనే ఈ యాదృచ్ఛిక చలరాశికి (అదృష్టాన్ని బట్టి మారే అంకెకు) ద్విపద విభాజనం వర్తిస్తుందో లేదో చూసుకోవాలి. రెండే ఫలితాలున్న యత్నాన్ని, ఒకదాని ప్రభావం మరొకదానిపై పడకుండా, నిర్ణీతసార్లు చేస్తే ఎన్నిసార్లు అనుకూల ఫలితం రావచ్చో చెప్పే లెక్క అది; ఇక్కడ ఒక్కో గింజ ఒక్కో యత్నం. గింజల సంఖ్య ముందే నిర్ణయించినది; గడువులోగా మొలిచిందా లేదా అన్నవి రెండే ఫలితాలు; అన్నీ ఒకే లాటు గింజలు కాబట్టి సంభావ్యత అన్నింటికీ ఒకటే అనుకోవచ్చు. ప్యాకెట్‌లో సుమారు 3,000 గింజలు ఉంటాయి కనుక, 98 తీసినంత మాత్రాన మిగిలినవాటి నిష్పత్తి చెప్పుకోదగ్గంతగా మారదు. మొలక శాతం 70 అయితే సగటు 68.6, ప్రామాణిక విచలనం (ఫలితాలు సగటుకు అటూ ఇటూ మామూలుగా ఎంత చెదురుతాయో చెప్పే కొలత) సుమారు 4.5 కాబట్టి 71 రావడంలో వింతేమీ లేదు.

రెండో ట్రేలో 41 మాత్రమే వచ్చాయి. సగటుకు ఆరు ప్రామాణిక విచలనాలు దిగువన ఉన్న ఈ అంకె చూసి విత్తనాలు నాసిరకమని రాయబోయాను. కానీ ట్రేని దగ్గరగా చూస్తే, ఒక చివర వరుసగా ఆరు వరుసలు, అంటే 42 గుంటలు, పూర్తిగా ఖాళీ. అడుగున నీరు పోయే రంధ్రాలు మూసుకుపోయాయి. అక్కడి కోకోపీట్‌ను పిండితే నీరు కారింది, గింజ వేళ్ల మధ్య మెత్తగా నలిగిపోయింది. ఒకే తడి ఆ గింజలన్నింటినీ కలిపి కుళ్లబెట్టినప్పుడు యత్నాలు పరస్పరం స్వతంత్రమైనవి కావు, కాబట్టి ద్విపద సూత్రంతో ఆ 41ని తూచడం విత్తనాలకు అన్యాయం. మిగిలిన 56 గుంటల్లో 41 మొలిచాయి కదా అని సంబరపడనూ లేను, ఎందుకంటే ఫలితం చూశాక ఎంచుకున్న భాగం సాక్ష్యంగా నిలవదు. రంధ్రాలు సరిచేసి మళ్లీ 98 వేశాను, 66 వచ్చాయి.

గుంటకు రెండేసి గింజలు వేసి, ఒక్కటైనా మొలిచిన గుంటలను లెక్కపెట్టేవారికి కూడా ద్విపద విభాజనమే సరిపోతుంది, కానీ అప్పుడు సంభావ్యత 0.7 కాదు, 0.91. పది మొక్కలు వచ్చేదాకా గింజలు వేస్తూ పోయేవారికి మాత్రం అది పనికిరాదు, ఎందుకంటే అక్కడ యత్నాల సంఖ్యే మారుతూ ఉంటుంది.

విత్తనాలు నిస్సందేహంగా కొనదగినవే. లోపమల్లా ప్యాకెట్‌దే: ఒకసారి కత్తిరిస్తే మళ్లీ మూసే వీలు లేదు. తేమ తగిలితే మొలక శక్తి తగ్గుతుంది కాబట్టి, మిగిలినవాటిని గాలి చొరని సీసాలో పెట్టి, వచ్చే ఏడాది కొత్త గింజలతో కలపకుండా విడి ట్రేలో వేయబోతున్నాను.