గడ్డం మొహమా, నీలి పువ్వా: జైడర్ జీ పెంకుల పోలిక

నెదర్లాండ్స్‌లో జైడర్ జీ అనే సముద్రపు పాయకు 1932లో అడ్డుకట్ట పడింది. తర్వాత నీళ్లు తోడేసి పొలాలు చేశారు. ఫ్లెవోలాండ్ అలా పుట్టిన నేలే. అక్కడ నాగలికి, కాలువల తవ్వకానికి మునిగిన ఓడలు వందల్లో తగిలాయి. వాటితో పాటు జర్మనీ నుంచి రైన్ నది మీదుగా వచ్చిన రాతిపింగాణీ (రాయిలా గట్టిపడేలా కాల్చిన మట్టి, స్టోన్‌వేర్) కూజాల ముక్కలూ దొరుకుతాయి. ముఖ్యంగా రెండు రకాలు.

జర్మనీలోని ఫ్రెహెన్ ఊరి కూజా గోధుమరంగు, మెడ మీద గడ్డం మొహం, పొట్ట మీద బిళ్ల. అక్కడి వెస్టర్‌వాల్డ్ ప్రాంతపుది బూడిదరంగు ఒళ్లు, దాని మీద కోబాల్ట్ నీలం. రెండింటికీ మెరుపు ఉప్పుతోనే. 1200 డిగ్రీలు దాటిన బట్టీలో ఉప్పు చల్లితే ఆ ఆవిరి మట్టిలోని సిలికాతో కలిసి గాజు పొరవుతుంది. వేలితో తడిమితే కమలాపండు తొక్కలా గరుకు.

చూడ్డానికి నీలిదే అందం, సందేహం లేదు. గోరంత ముక్క దొరికినా ఇట్టే పోల్చుకోవచ్చు. కానీ కాలం తేల్చాలంటే నా ఓటు గడ్డానికే. పదహారో శతాబ్దంలో ఆ మొహాన్ని శ్రద్ధగా, వెంట్రుక వెంట్రుకా కనిపించేలా తీర్చారు. పదిహేడో శతాబ్దం గడిచేకొద్దీ ఏదో మమ అనిపించారు: కళ్లు వంకర, నోరు నిచ్చెన మెట్లలా నాలుగు గీతలు. చిక్కల్లా మొహం లేని ముక్క దొరికితేనే. ఉత్త గోధుమరంగు పొట్ట పెంకు పెద్దగా ఏమీ చెప్పదు. వెస్టర్‌వాల్డ్ ముక్కలో ఊదా రంగు కనిపిస్తే మాత్రం అది మాంగనీసు, అంటే సుమారు పదిహేడో శతాబ్దం మధ్య నుంచి ఇటువైపుది.